గెలిచిన రాత్రి తాగే బీరు

ప్రశ్న: నమస్తే సార్. నాకు 19 ఏళ్లు. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కబడ్డీలో రైడర్‌ని. ఊరి పండగలకి, సంక్రాంతికి జరిగే టోర్నమెంట్లలో మా ఊరి జట్టు తరఫున ఆడతాను. ఆర్మీ అగ్నివీర్ రాతపరీక్ష పాసయ్యాను. పరుగు పెట్టి చూసే ర్యాలీకి ఇంకా 11 వారాలు ఉంది. గెలిచిన రోజు రాత్రి మా వాళ్లు తోటలో పార్టీ చేస్తారు. మొదట్లో కూల్‌డ్రింక్ తాగేవాణ్ని. ఏడాదిగా బీరు తాగుతున్నాను. నెలకి మూడు నాలుగుసార్లు, తాగినప్పుడు రెండు సీసాలు. "బీరు నొప్పులు లాగేస్తాది, పొద్దున్న చెమటలో పోద్ది, ఆట ముందు రోజు ముట్టకపోతే చాలు" అంటారు మా సీనియర్లు. నిజమేనా? ర్యాలీకి ఎన్ని రోజుల ముందు మానితే సరిపోతుంది? టెస్టుల్లో దొరికిపోతానా? 1600 మీటర్లు ఇదివరకు 5.30లో కొట్టేవాణ్ని, ఇప్పుడు 5.50 అవుతోంది. రెండో హాఫ్‌లో కూత నిలవడం లేదు. మా నాన్న తాగుడు వల్ల ఇంట్లో చాలా చూశాం. నా సంగతి అమ్మకి తెలీదు. జట్టు వదలకుండా దీన్ని వదిలేదెలా?
- ఒక రైడర్, విజయనగరం జిల్లా

సమాధానం:

బాబూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దాపరికం లేకుండా రాశావు, ముందు దానికి సంతోషం. రెండోసారి చదువుతుంటే "గెలిచిన రోజు రాత్రి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను పాతికేళ్లకు పైగా మన జిల్లాలోనే కాలేజీ పిల్లలకి పీడీగా, అంటే ఆటల మాస్టారుగా పనిచేశాను. టోర్నమెంటుకి తీసుకెళ్తే, ఆట ముందు రోజు రాత్రి పిల్లలు బయటికి పోకుండా గది గుమ్మంలో చాప వేసుకుని పడుకునేవాణ్ని. మ్యాచ్ గెలిచిన రాత్రి మాత్రం "పోనీలే, కష్టపడ్డారు" అని చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ని. అలా ఊరుకోవడం తప్పని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆటకి ముందు ముట్టకపోతే చాలు, తర్వాత ఎలా పోయినా ఫర్వాలేదు అని మీ సీనియర్లు ఇప్పుడు నమ్ముతున్నదే నేనూ ఆనాడు నమ్మాను. నీ 1600 టైము ఆ "తర్వాత"లోనే జారిపోతోందని నా అనుమానం.

గ్రౌండులో గంటన్నర ఆడితే ఒంట్లో ఏం జరుగుతుందో చూడు. తొడల్లో, పిక్కల్లో కండరాల పోగులు సన్నగా చిట్లుతాయి. కండరాల్లో దాచుకున్న చక్కెర, గ్లైకోజెన్ అంటారు దాన్ని, ఖర్చయిపోతుంది. చెమట ధారకట్టి పోతుంది. మ్యాచ్ ముగిసేసరికి నువ్వు పొద్దున్నకంటే బలహీనంగా ఉంటావు. ఆ తర్వాత తిన్న తిండితో, తాగిన నీళ్లతో, పోయిన నిద్రతో ఒళ్లు ఆ చిట్లిన చోటల్లా కొత్త ప్రొటీన్ అల్లుకుంటుంది. మునుపటికంటే ఒక పిసరు గట్టిగా అల్లుకుంటుంది. ప్రాక్టీసు ఫలితం అంటే ఆ పిసరే. ఆ పని ఆట ముగిసిన కొన్ని గంటల్లో, ఆ రాత్రి నిద్రలో జోరుగా సాగుతుంది. పగలంతా నడుం వంచి నాట్లు వేసి, రాత్రికి గట్టు తెగ్గొట్టి మడిలో నీళ్లు వదిలేసే రైతు ఎక్కడైనా ఉంటాడా? మీ తోటలో జరుగుతున్నది ఆ పనే.

2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. వ్యాయామం అలవాటున్న ఎనిమిది మంది మగవాళ్ల చేత బరువులు ఎత్తించి, సైకిలు తొక్కించి, ఒక విడత ఒట్టి ప్రొటీన్ ఇచ్చారు. ఇంకో విడత ప్రొటీన్‌తో పాటు మద్యం ఇచ్చారు. మరో విడత ప్రొటీన్ లేకుండా పిండిపదార్థం, మద్యం ఇచ్చారు. ప్రతిసారీ తొడ కండరం నుంచి చిన్న ముక్క తీసి చూశారు. ఒట్టి ప్రొటీన్‌తో పోలిస్తే, కొత్త కండరం అల్లుకునే వేగం ప్రొటీన్‌తో కలిపి తాగినప్పుడు 24 శాతం, పిండిపదార్థంతో తాగినప్పుడు 37 శాతం తగ్గిపోయింది. మంచి తిండి తిని తాగినా దాదాపు నాలుగో వంతు పోయిందన్నమాట. తోటలో పార్టీ అంటే మిక్చర్, పకోడీ, నాలుగు చికెన్ ముక్కలు. అది ఆ 37 శాతం లెక్కకి దగ్గర.

వాళ్లకి ఇచ్చింది పెద్ద మోతాదే. శరీర బరువు కిలోకి ఒకటిన్నర గ్రాముల ఆల్కహాల్. మరి నీది ఎంతో చూద్దాం. నీ బరువు రాయలేదు, 65 కేజీలనుకుంటాను. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా 650 మి.లీ. ఉంటుంది, అందులో ఆల్కహాల్ 8 శాతం దాకా ఉంటుంది. తూకంలో చెబితే సీసాకి సుమారు 41 గ్రాములు. రెండు సీసాలకి 82. అంటే నీ ఒంటికి కిలోకి ఒకటింపావు గ్రాము. ఆ పరిశోధనకి కూతవేటు దూరంలోనే ఉన్నావు. "బీరే కదరా, ఏటైపోద్ది" అంటారు గానీ, 180 మి.లీ. విస్కీ క్వార్టర్‌లో ఉండేది 60 గ్రాములు. రెండు స్ట్రాంగ్ బీర్లు తాగినవాడు క్వార్టర్ దాటి పోయినట్టే.

నీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. కిలోకి అర గ్రాము లోపు తాగితే మర్నాటికి కోలుకోవడంలో పెద్ద తేడా కనబడదని కూడా పరిశీలనలు ఉన్నాయి. నీ బరువుకి అది 32 గ్రాములు. ఒక్క స్ట్రాంగ్ సీసా ఖాళీ కాకముందే ఆ హద్దు దాటిపోతుంది. పార్టీలో కూర్చుని అక్కడ ఆగినవాణ్ని నేను చూడలేదు. కాబట్టి "కొంచెం తాగితే ఫర్వాలేదట" అనే మాటని పట్టుకోవద్దు. పైగా మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మడమే చట్టవిరుద్ధం. మెదడు పెరుగుదల ఇంచుమించు 25 ఏళ్ల దాకా సాగుతుంది కాబట్టి నీ వయసులో మద్యం చేసే చేటు పెద్దవాళ్లకంటే ఎక్కువ.

ఇక చెమటలో పోవడం సంగతి. చెమటలోనూ మూత్రంలోనూ ఊపిరిలోనూ పోయేది చాలా కొంచెం. తక్కినదంతా కాలేయమే కరిగించాలి. దానికి ఒక వేగం ఉంది, గంటకి 7 నుంచి 10 గ్రాములు. 82 గ్రాములకి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టావనుకో, పొద్దున్న ఐదు నుంచి తొమ్మిది దాకా రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. ఐదున్నరకి నువ్వు రోడ్డెక్కి పరుగు మొదలుపెట్టేసరికి ఇంకా పూర్తిగా దిగి ఉండకపోవచ్చు. నిమ్మకాయ నీళ్లు, చన్నీళ్ల స్నానం, కాఫీ, ఎంత చెమట పట్టించినా ఆ వేగం పెరగదు. మర్నాడు పొద్దున్న బండి తీసేటప్పుడు కూడా ఇది గుర్తుండాలి.

కాలేయం రాత్రంతా ఆ పనిలో మునిగితే దాని అసలు పని ఒకటి వెనకబడుతుంది. నువ్వు నిద్రపోతున్నప్పుడు రక్తంలోకి చక్కెర పంపేది అదే. మర్నాడు లేవగానే నీరసం, ఏమీ తినాలనిపించకపోవడం, 1600లో మూడో రౌండుకి కాళ్లు రాళ్లు కట్టినట్టు అవడం, వీటికి కొంత కారణం అక్కడుంది.

తాగితే బాగా నిద్ర పడుతుందని నువ్వు రాయలేదు గానీ, మీ వాళ్లు ఆ మాట కూడా అంటారని నాకు తెలుసు. దీని గురించి ఒక సంగతి చెప్పాలి. నా దగ్గర ఒక పాత నోటుబుక్కు ఉంది. అట్ట మీద చెమట చేతి మరకలు, లోపల నీలి సిరా. 1500 మీటర్లు పరిగెత్తే ఒక కుర్రాడి చేత రోజూ పొద్దున్న మంచం దిగకుండానే నాడి చూసుకుని, ఒక్క నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో అందులో రాయించేవాణ్ని. 54, 55, 53, 54, ఇలా వరసగా ఉంటుంది. ఒక సోమవారం 72. మంగళవారం 61. బుధవారానికి 55. మూడు వారాల తర్వాత మళ్లీ ఒక సోమవారం 70. రెండు ఆదివారాలూ వాడు ఏదో పోటీలో గెలిచినవే. వాడి టైము రాసే గడిలో ఆ సోమ, మంగళవారాల పక్కన నా చేతి రాతతో "బద్ధకం" అని ఉంది. ఆ మాట చూసినప్పుడల్లా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. వాడికి బద్ధకం లేదు. రాత్రంతా గుండె పరిగెత్తి పరిగెత్తి అలిసిపోయి గ్రౌండుకి వచ్చాడు. నేను అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

మద్యం నిద్రని త్వరగా తెస్తుంది, నిజమే. రెండో జాము దాటాక ఆ నిద్ర ముక్కలైపోతుంది. గురక పెరుగుతుంది, గుండె వేగం దిగదు, మూత్రానికి లేవాల్సి వస్తుంది. కలలు వచ్చే నిద్ర తగ్గిపోతుంది. పగలు నేర్చుకున్న కదలిక మెదడులో నాటుకోవాలంటే మంచి నిద్ర పడాలి. గాఢనిద్రలో ఊరే గ్రోత్ హార్మోను కూడా తాగిన రాత్రి తక్కువే ఊరుతుంది. నీ వయసులో దాని విలువ ఎంతో చెప్పక్కర్లేదు.

రేపటి నుంచి నువ్వూ ఒక నోటుబుక్కు పెట్టు. లేవగానే మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నిమిషం లెక్కపెట్టి రాయి. పక్కనే ఎన్ని గంటలు పడుకున్నావో రాయి. మీ సీనియర్ల మాట నిజమో నా మాట నిజమో రెండు వారాల్లో నీకే తెలుస్తుంది.

నీళ్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ మన ప్రాంతంలో అది పెద్దదే. సముద్రం గాలికి ఉక్క, ఎండ ఎంతున్నా చెమట ఆరదు. మ్యాచ్‌కి ముందూ తర్వాతా బరువు చూసుకుంటే కేజీ, కేజీన్నర తగ్గి ఉంటావు. మూత్రం ఎక్కువ పోకుండా పట్టి ఉంచే హార్మోను ఒకటి మెదడు నుంచి వస్తుంది. మద్యం దాన్ని అణిచేస్తుంది. అప్పటికే ఎండిపోయిన ఒళ్లు ఇంకా నీళ్లు పోగొట్టుకుంటుంది. స్ట్రాంగ్ బీరు తాగి దాహం తీరిందనుకోవడం అంటే బొక్కపడ్డ కుండలో నీళ్లు పోయడమే. తగ్గిన ప్రతి కేజీకి లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా నెమ్మదిగా తాగాలి. ఉప్పేసిన గంజి, పల్చటి మజ్జిగ, ఓఆర్‌ఎస్ ఏదైనా సరే. మా ఇంట్లో అయితే అమ్మ తరవాణి ఇచ్చేది. దానికి మించింది నాకు తెలీదు.

నొప్పులు లాగేస్తుందన్నారే, నాకు అన్నిటికంటే భయం ఆ మాటంటేనే. మద్యం నొప్పిని లాగదు, నొప్పి తెలియకుండా చేస్తుంది. ఈ రెంటికీ తేడా ఎంతో చీలమండ దగ్గర చూడాలి. రైడ్‌కి వెళ్లినప్పుడు ఎదుటివాడు చీలమండ పట్టేస్తే కాలు మెలిపడి లోపలి చిన్న రక్తనాళాలు చిట్లుతాయి. ఆ రాత్రి తాగితే రక్తనాళాలు వెడల్పవుతాయి, లోపల రక్తం ఇంకా కారుతుంది. నొప్పి తెలియదు కాబట్టి ఆ కాలు మీదే నడుస్తారు, డప్పు వినిపిస్తే చిందేస్తారు కూడా. మా జట్టులో ఒకడు అలాగే చేసి, తెల్లారి బూటు ఎక్కక, లుంగీ గుడ్డ చుట్టుకుని కుంటుతూ వచ్చాడు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. రెండు వారాల్లో మానాల్సిన దెబ్బ రెండు నెలలు తిప్పలు పెట్టింది. దెబ్బ తగిలిన మొదటి 48 గంటలు మద్యం అసలు దగ్గరికి రానివ్వకూడదు. ఐస్ గుడ్డలో చుట్టి పావుగంట, ఇరవై నిమిషాలు పెట్టి తీయడం, క్రేప్ బ్యాండేజీ, కాలు దిండు మీద ఎత్తి పెట్టుకోవడం, ఇవి చాలు ఆ రాత్రికి.

ఇంకో మాట. కొందరు కుర్రాళ్లు నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని వేసుకుని, దాని మీదే బీరు తాగుతారు. కడుపులో పుండు పడి రక్తం పోయే ప్రమాదం ఉంది. పారాసెటమాల్ అయితే కాలేయానికి దెబ్బ. నువ్వు ఎప్పుడైనా అలా చేసి ఉంటే ఇక మీదట చేయకు. మీ జట్టులో వాళ్లకి కూడా ఈ ఒక్క సంగతి మాత్రం చెప్పు, మిగతావి చెప్పకపోయినా.

కూత నిలవడం లేదన్నావు. రైడ్ 30 సెకన్లు. ఆ 30 సెకన్లూ ఊపిరి బిగబట్టి కూత పెడుతూ, బోనస్ లైను మీద ఒక కన్ను, కార్నర్ వాడి చేతుల మీద ఒక కన్ను పెట్టి, వాడు కదిలిన క్షణంలో కాలు వెనక్కి లాగాలి. రెండో హాఫ్‌లో అది చేయాలంటే కండరాల్లో చక్కెర నిండుగా ఉండాలి, ఒంట్లో నీళ్లుండాలి, మెదడు తేటగా ఉండాలి. మీ పండగ టోర్నమెంట్లలో ఈ రాత్రి లీగు గెలిస్తే రేపు మధ్యాహ్నం సెమీస్ ఉంటుంది. గెలిచిన రాత్రి తాగడమంటే అక్కడ ఆట ముందు రోజు తాగడమే. మీ సీనియర్లు ఆ నియమాన్ని వాళ్లే తప్పుతున్నారు, గమనించావా?

ఇదంతా చదివి, "పోతే ఎంత పోతుంది, నాలుగైదు శాతమేగా" అనుకుంటావేమో. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కలిపి మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. ఆ రోజు బంగారం, వెండి గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5 కేజీలు. బంగారానికీ కాంస్యానికీ మధ్య తేడా రెండున్నర కేజీలు, అంటే ఒక్క శాతం. నీ లెక్కకి వస్తే, అగ్నివీర్ ర్యాలీలో 1600 మీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు కొడితే 60 మార్కులు, 5.45 లోపు అయితే 48. పదిహేను సెకన్లకి పన్నెండు మార్కులు. నువ్వు ఇప్పుడు ఆ 5.45 కూడా దాటిపోయావు.

ర్యాలీకి ఎన్ని రోజుల ముందు మానాలి అన్నావు. ఆల్కహాల్ ఒంట్లోంచి దిగడానికి ఒకటి రెండు రోజులు చాలు. నువ్వు పోగొట్టుకున్న ఇరవై సెకన్లు మాత్రం ఒకటి రెండు రోజుల్లో రావు. అవి వచ్చేది 11 వారాల ప్రాక్టీసుతో, ఆ ప్రాక్టీసు ఒంటికి పట్టే 77 రాత్రులతో. అందుకని ఈ రోజే మానెయ్. "ర్యాలీ దాకా" అని గడువు పెట్టుకుంటే సులువుగా ఉంటుందనిపిస్తే అలాగే పెట్టుకో. ర్యాలీ అయ్యాక నీ నోటుబుక్కు చూసుకుని మళ్లీ ఆలోచించుకోవచ్చు.

టెస్టుల గురించి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, వాడా, తన నిషేధిత జాబితాలోంచి మద్యాన్ని 2018 జనవరి 1 నుంచి తీసేసింది. అంతకుముందు కూడా విలువిద్యలాంటి కొద్ది ఆటల్లోనే, అదీ పోటీ సమయంలోనే నిషేధం ఉండేది. అయితే దొరకడం, దొరక్కపోవడం అన్న లెక్కలో పడకు. ర్యాలీలో టైము చూసేవాడు నీ రక్తం అడగడు, నీ సెకన్లు చూస్తాడు. మరో హెచ్చరిక. టైము పడిపోయిందని ఎవరో ఇచ్చిన పౌడరో ఇంజెక్షనో తీసుకోవద్దు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కేజీల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. మొదటి స్థానంలో ఉన్నామె డోపింగ్‌లో దొరికిపోతే సంతోషి పతకం కాంస్యం నుంచి రజతానికి మారింది. అడ్డదారిలో ఎత్తినామె పతకం పోగొట్టుకుంది, శుభ్రంగా ఎత్తిన మన పిల్ల మీదికి ఎక్కింది.

నీ టైము పడిపోవడానికి కారణమంతా బీరే అని నేను ఇక్కడ కూర్చుని తేల్చి చెప్పలేను. పీహెచ్‌సీకి వెళ్లి హిమోగ్లోబిన్ చూపించుకో. మన పల్లెల్లో కుర్రాళ్లకి కూడా రక్తం తక్కువ ఉండటం కొత్తేమీ కాదు. నెలకి ఎన్ని మ్యాచ్‌లు ఆడుతున్నావో కూడా లెక్కేసుకో. ర్యాలీ దగ్గర పడుతుంటే ప్రతి ఊరి టోర్నమెంటుకీ పోనక్కర్లేదు.

జట్టు సంగతి నీ ఉత్తరంలో చివర్న రాశావు గానీ నీకు అసలు కష్టం అక్కడే అని తెలుస్తోంది. సీసా పక్కకి పెడితే "పెద్దోడైపోయాడ్రా" అంటారు, పక్కన కూర్చోబెట్టుకోరు, రేపు రైడ్‌కి పంపరేమో అని లోపల ఒక భయం. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. కాకపోతే పార్టీ మధ్యలో చెబితే ఎవడూ వినడు. టోర్నమెంటుకి రెండు రోజుల ముందు, ప్రాక్టీసు అయ్యాక, మీ కెప్టెన్ ఒక్కణ్నే పక్కకి తీసుకెళ్లి చెప్పు. "అన్నా, నా 1600 పడిపోయింది. ర్యాలీ అయ్యేదాకా నేను ముట్టను. నువ్వు కాస్త నా పక్కనుండు." ఇంతే. మద్యం మంచిదో చెడ్డదో వాళ్లకి పాఠం చెప్పకు. తమ్ముడికి ఆర్మీ ఉద్యోగం వస్తుందంటే మన ఊళ్లల్లో అడ్డుపడే అన్న ఉండడు. ఎన్ని ఇళ్లు ఆ జీతం మీద నిలబడ్డాయో వాళ్లకీ తెలుసు.

ఆ రాత్రి నీకంటూ ఒక పని పెట్టుకో. అందరినీ ఇళ్లకి దింపే బండి నువ్వే నడుపుతానను. తాగని డ్రైవరుంటే అందరికీ మంచిదే, నీకు గౌరవం కూడా. తోటకి వెళ్లేముందే కడుపు నిండా తినేసి వెళ్లు. అన్నం, పప్పు, రెండు మూడు గుడ్లు, పెరుగు. చేతిలో మజ్జిగ గ్లాసో సోడానో ఉంటే ఇంకొకటి పెట్టేవాళ్లు తగ్గుతారు. ప్రైజు డబ్బులోంచి పార్టీకి తీసేముందే నీ వాటా అడుగు. ఆ డబ్బుతో నెలకి సరిపడా గుడ్లు, వేరుశెనగ గుళ్లు, చోడిపిండి వస్తాయి. జట్టులో నీలాగే మొహమాటానికి తాగేవాడు ఇంకొకడు తప్పకుండా ఉంటాడు, వాణ్ని కనిపెట్టు. ఒక్కడు వద్దంటే బతిమాలుతారు, ఇద్దరు వద్దంటే వదిలేస్తారు. మొదటి రెండు పార్టీలు ఇబ్బందిగా ఉంటాయి. మూడోదానికి నిన్ను అడగడం మానేస్తారు.

ఇన్ని చేసినా వదలకపోతే, ఆ జట్టుతో ర్యాలీ దాకా ఆడకు. ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంది, జట్టంటే నీకెంత ప్రాణమో నాకు తెలుసు.

నాన్న గురించి ఒక్క వాక్యం రాసి ఊరుకున్నావు. అందులోనే చాలా ఉంది. తండ్రికి తాగుడు వ్యసనం ఉన్న పిల్లలకి అది అంటుకునే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లకీ అంతే. నీకు రెండూ ఉన్నాయి. నిన్ను భయపెట్టడానికి ఈ మాట అనడం లేదు. పక్కవాడు రెండు సీసాలతో ఆగగలిగినా నీ ఒంటి తీరు వేరు కావచ్చు, ఆ సంగతి నీకు ముందే తెలియాలి. గెలుపుతో పని లేకుండా తాగాలనిపిస్తున్నా, ఒంటరిగా తాగుతున్నా, మానితే చేతులు వణుకుతున్నా, నిద్ర పట్టకపోయినా, అది మనోబలంతో తేలే విషయం కాదు. డాక్టర్‌కి చూపించాలి. 14416 టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్, రెండూ ప్రభుత్వానివే, డబ్బు కట్టక్కర్లేదు. నాన్న కోసమైనా సరే ఆ నంబర్లు దగ్గర పెట్టుకో.

అమ్మకి చెప్పాలా వద్దా అని నువ్వు అడగలేదు. అయినా చెప్పమనే అంటాను. ఇప్పుడే కాదు, ఒక నెల మానేసి, నోటుబుక్కులో ముప్పై రోజుల అంకెలు నిండాక. ఆవిడ ఏడవచ్చు, కోప్పడచ్చు. ఆ తర్వాత పార్టీ రోజు రాత్రి ఎంతైనా కూర్చుని నీకోసం అన్నం మూతపెట్టి ఉంచుతుంది. ఆ అన్నం తినడానికి ఇంటికి వెళ్లాలన్న మాట తోటలో అందరి ముందూ అనడం "నేను తాగను" అనడంకంటే నీకు తేలిక. తల్లి మాట తీసేసే కుర్రాళ్లు మీ జట్టులో ఉంటారనుకోను.

వచ్చే టోర్నమెంటు ఎప్పుడో రాయలేదు. అది అయ్యాక నాకు మళ్లీ ఉత్తరం రాయి. గెలిచారా ఓడారా అన్నది ఎలాగూ రాస్తావు. దాంతో పాటు ఆ రాత్రి ఎన్ని గంటలకి పడుకున్నావో, తెల్లారి నాడి ఎంత ఉందో, ఆ వారం 1600 ఎంతలో కొట్టావో అంకెలు వేసి పంపు.